చెరువు పట్నానిది, కట్టుబాటు పల్లెలది

జన్వాడ: గండిపేట చెరువును కాపాడే భారం ఇన్నేళ్ళుగా ఎవరి నెత్తిన పడ్డది? జన్వాడ, మొయినాబాద్, చేవెళ్ళ వైపు ఏ రచ్చబండ వద్ద అడిగినా జవాబు దొరుకుతుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది మందిని పొట్టన పెట్టుకున్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై వరదకు అడ్డుగా 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్ సాగర్ వెలిశాయి. పట్నం దాహం తీర్చినవీ ఈ రెండే.

వీటి రక్షణకై 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నెంబరు జీవో జారీచేసింది. 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాలలో పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు కూడదన్నది. జన్వాడ కూడా అందులోనిదే. చెరువు మురికి కాకుండా నిలిచింది గాని, రైతుకు పట్టా చేతిలో ఉన్నా చేతులు కట్టేసినట్లయింది. జీవో హద్దుకు అవతల కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఇవతలి రైతుకు నష్టపరిహారమన్న మాటే జీవోలో లేదు.

2022 ఏప్రిల్‌లో 69వ నెంబరు జీవోతో ప్రభుత్వం ఆంక్షలు సడలించబూనింది. 2023 మే నెలలో 111ను ఎత్తివేయాలని అప్పటి మంత్రివర్గం నిర్ణయించింది. రైతులు సంతోషించగా, చెరువుల గతి ఏమిటని పలువురు ఆందోళన చెందారు. అయితే రైతు బాగుపడాలంటే చెరువు చెడవలసిందేనా?

అమెరికాలో తాహో అనే సరస్సు వద్ద ఇదే చిక్కు వచ్చింది. ఒడ్డున ఇళ్ళు పెరిగి, మట్టి కొట్టుకువచ్చి తేట నీరు మసకబారసాగింది. స్థలం కొన్నవారికి కట్టుకునే అనుమతి లేదు. అప్పుడు కాలిఫోర్నియా రాష్ట్రం ప్రజలనే అడిగింది. బాండ్ల ద్వారా అప్పు తెచ్చి ఆ స్థలాలు కొందామా, వద్దా అని ఓటు పెట్టింది. 1980లో ప్రజలు కాదన్నారు. 1982లో మళ్ళీ అడిగితే ఔనన్నారు. 8.5 కోట్ల డాలర్లు మంజూరైనాయి. పొరుగున ఉన్న నెవాడా ప్రజలు 1986లో 3.1 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నారు. అమ్మదలచిన వారి వద్దనే స్థలాలు కొన్నారు. అప్పు తీర్చే భారం రాష్ట్ర ప్రజలందరూ పంచుకున్నారు.

మన దేశంలో బాండ్లపై ప్రజల ఓటు పద్ధతి లేదు. బాండ్లు మాత్రం కొత్త కాదు. హైదరాబాదు నగరపాలక సంస్థ 2018లో బాండ్లతో 200 కోట్లు సమకూర్చుకున్నది. రోడ్లకు, వంతెనలకు అప్పు పుట్టినప్పుడు చెరువుకు పుట్టదా?

84 గ్రామాల భూమినంతా కొనడం ఎవరి తరమూ కాదు. వాగుల ఒడ్లు, శిఖం అంచున ఉన్న పట్టాలు కొన్నా చెరువుకు ప్రాణం నిలుస్తుంది, రైతుకు న్యాయమైన ధర దక్కుతుంది. నీళ్ళు తాగినవారు, వరద తప్పించుకున్నవారు తమ వంతు మోయాలన్నదే ఇందులోని నీతి. ముందుగా గ్రామసభలు పెట్టి రైతుల మాట వినవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.