ప్రభుత్వ ఖర్చులో ముందు ఏది, తర్వాత ఏది?

రాజ్యాంగంలోని 202వ అధికరణం ప్రకారం ప్రతి రాష్ట్ర ప్రభుత్వమూ ఆ ఏటి రాబడిని, ఖర్చును చూపే వార్షిక ఆర్థిక నివేదికను, అంటే వాడుకలో బడ్జెట్‌ను, శాసనసభ ముందు ఉంచాలి. అందులోని మొత్తం ఎంత పెద్దదైనా, ఆ సొమ్ము ఏ పనికి ముందు చేరాలి, ఏ పని కొంతకాలం ఆగవచ్చు అన్న నిర్ణయం మీదనే ప్రజల మేలు ఆధారపడి ఉంటుంది. ఆ నిర్ణయం ఫలితం హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్రినాక వంటి చోట్ల ఇంటి గడప దాకా వచ్చి కనిపిస్తుంది.

ప్రభుత్వ ఖర్చు ప్రధానంగా రెండు రకాలు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు వంటి ఏటేటా తప్పని ఖర్చును రెవెన్యూ వ్యయమని, రోడ్లు, కాలువలు, ఆసుపత్రి భవనాలు వంటి పదికాలాలు నిలిచే ఆస్తుల మీద పెట్టేదాన్ని మూలధన వ్యయమని అంటారు. తెలంగాణ 2025-26 బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్ల రూపాయలు కాగా, అందులో రెవెన్యూ వ్యయం 2,26,982 కోట్లు, మూలధన వ్యయం 36,504 కోట్లు. నూరు రూపాయల్లో ఆస్తులకు దక్కేది పన్నెండు రూపాయలే కాబట్టి, ఆ పన్నెండింటిని ఎక్కడ పెట్టాలన్నది తేలికగా తీసుకోదగిన విషయం కాదు.

ఉదాహరణకు, 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కుండపోత వానలు కురిసి, బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్టకు గండి పడినప్పుడు, ఛత్రినాక, ఉప్పుగూడ, ఫలక్‌నుమా ప్రాంతాల బస్తీలు నీట మునిగాయి. వరద బాధిత కుటుంబానికి పది వేల రూపాయల చొప్పున తక్షణ సాయం ప్రకటించిన ప్రభుత్వం అందుకు 550 కోట్లు విడుదల చేసింది. నాలాల, అంటే వాననీటి కాలువల, విస్తరణ కోసం ఆ తర్వాత చేపట్టిన వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం మొదటి దశ అంచనా సుమారు 985 కోట్లు. ఒక్క వరద తర్వాత సాయానికి విడుదలైన సొమ్మే నాలాల మొదటి దశ ఖర్చులో సగానికి మించిందంటే, ముందే చేయవలసిన పనిని వాయిదా వేయడం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

ఈ నగరానికి ఆ పాఠం కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది మందిని బలిగొన్న తర్వాత, ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. అప్పుడు పెట్టిన ఖర్చు సుమారు నూరేళ్లుగా నగరాన్ని కాపాడుతూ, నీళ్లు కూడా ఇస్తూ వచ్చింది.

కాబట్టి ఆలస్యమైతే ప్రాణనష్టానికి, మరింత పెద్ద ఖర్చుకు దారితీసే పనులకు మొదటి స్థానం దక్కాలి. రెండో స్థానం నిర్వహణది. నాలాలోంచి తీసిన పూడికను అక్కడి నుంచి తరలించకుండా గట్టు మీదనే వదిలేస్తే తొలకరికే అది తిరిగి లోపలికి జారుతుంది. పాత సిమెంటు రోడ్డును తవ్వకుండా దాని మీదనే మరో పొర వేస్తూ పోతే రోడ్డు పైకి లేచి, ఇళ్ల గడపలు పల్లమై, వాననీరు గదుల్లోకి చేరుతుంది. ఈ రెండు చోట్లా ఖర్చు జరిగినట్టు లెక్కల్లో ఉంటుంది గానీ జనానికి మేలు ఉండదు. మూడోది, అప్పుకు హద్దు. రాష్ట్రాల ద్రవ్యలోటు, అంటే ఏడాది ఖర్చుకు చాలక తెచ్చే అప్పు, సాధారణంగా రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో మూడు శాతం దాటకూడదన్నది ద్రవ్య బాధ్యత చట్టాల నియమం; ఆ అప్పు ఆస్తులుగా మారితేనే రేపటి తరం దాన్ని తీర్చడంలో న్యాయం ఉంటుంది.

దీనర్థం సంక్షేమాన్ని తగ్గించాలని కాదు. వృద్ధులకు పింఛను, పేదలకు రేషన్ బియ్యం, ప్రభుత్వ దవాఖానాలో మందులు వాయిదా వేయరాని అవసరాలే. ఉన్నవారు ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లగలరు, ట్యాంకరు నీళ్లు కొనగలరు. కానీ వీధికంతటికీ కావలసిన మురుగు కాలువను ఏ కుటుంబమూ సొంతంగా కట్టుకోలేదు కాబట్టి, ప్రభుత్వం తప్ప మరెవరూ చేయలేని ఆ పనిని సంక్షేమంతో సమానంగా చూడాలి.

బడ్జెట్‌లో కేటాయించినంత మాత్రాన డబ్బు ఖర్చైనట్టు కాదు. అంచనాలో ఎంత చూపారు, నిజంగా ఎంత ఖర్చు పెట్టారు అన్న తేడా ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికల్లో ఏటా బయటపడుతుంది. ప్రతి పౌరుడూ ఆ తేడాను గమనించి, తన బస్తీ నాలాకు ఎంత ప్రకటించారనే కాక, వానాకాలానికి ముందే ఎంత పని పూర్తయిందని కూడా ప్రజాప్రతినిధులను అడగాలి.