ఇరుసు మీద ఇల్లు

మేడారం జాతరకు ఎడ్లబండి మీద పోయినవాళ్లు మా ములుగు ప్రాంతంలో ఇంకా ఉన్నారు. రెండేళ్లకోసారి మాఘశుద్ధ పౌర్ణమికి ఊళ్లకు ఊళ్లు కదిలేవి. బియ్యం, పప్పు, కారం, నీళ్ల బిందె, చాపలు, ఎడ్లకు గడ్డి, తల్లులకు మొక్కిన బంగారం, అంటే బెల్లం, అన్నీ బండిలోనే. దారిలో కరెంటు లేదు, నల్లా లేదు. బండి విప్పిన చోటే ఇల్లు, మూడు రాళ్లు పెట్టిన చోటే వంటిల్లు. జంపన్నవాగులో స్నానం చేసి, గద్దెలు మొక్కి, నాలుగు రోజులు ఆరుబయటే ఉండి తిరిగొచ్చేవాళ్లు.

ఉద్యోగం నుంచి దిగాక నాకూ మా ఆవిడకూ పట్టుకున్న కోరిక దాదాపు అదే. కారు వెనక తగిలించుకునే చిన్న ఇల్లు ఒకటి కొనుక్కోవాలి. చలికాలంలో పాలంపేట దగ్గర రామప్ప చెరువు కనిపించే చోట, తెలిసినవాళ్ల చెలకలో, మూడు రాత్రులు ఎవరి కరెంటూ ఎవరి నీళ్లూ అడగకుండా ఉండాలి. ట్రాక్టర్ వెనక ట్రాలీ ఉంటుంది కదా, అదే పద్ధతిలో కారు వెనక మంచం, పొయ్యి, నీళ్ల టాంకు ఉన్న డబ్బా. దాన్నే ట్రావెల్ ట్రైలర్ అంటారు. ఆస్ట్రేలియాలో ఉద్యోగం మానిన దంపతులు వీటితో నెలల తరబడి దేశం చుట్టి వస్తారు, వాళ్లకు 'గ్రే నోమాడ్స్' అని పేరే ఉంది. అమెరికాలో పిల్లల దగ్గరికి పోయిన మనవాళ్లు కొందరు అక్కడే ఈ అలవాటు రుచి చూస్తున్నారు. అక్కడ కేంద్రం చేతిలో ఉన్న బీడు భూముల్లో చాలాచోట్ల ఒక్కచోట పద్నాలుగు రోజుల దాకా ఉచితంగా దిగనిస్తారు. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి ఒక విధానం తెచ్చింది. ఇక్కడ మాత్రం ఎవరి చోటు వాళ్లు వెతుక్కోవాలి.

ఇంజనుతో కలిసి ఉండే కారవాన్ వ్యాను కొనొచ్చు కదా అని అడుగుతారు. అరవై దాటినవాళ్లకు ట్రైలరే మేలని నా అభిప్రాయం. చెరువు పక్కన ఇల్లు విప్పి పెట్టి, కారు ఖాళీగా ఉంచుకోవచ్చు. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే పరుపు, గ్యాసు, గిన్నెలతో సహా ఇంటిని వేసుకొని ములుగు ఆసుపత్రికి పోనక్కర్లేదు. కారెక్కి పోవచ్చు. నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఇక ఎంపిక. కొలతలు, రంగులు, లోపలి బల్లలు చూసే ముందు చూడాల్సింది బరువు. ఈ సంగతి నాకు అమ్మేవాళ్ల కాగితాల్లో కన్నా పాలంపేట చెరువు కట్ట మీద బాగా అర్థమైంది. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయనను, "పెద్దయ్యా, మేడారానికి బండి ఎట్ల కట్టేటోళ్లు?" అని అడిగాను.

"కట్టుడేముంది సారూ, సామాను పెట్టుడే పని. ఎనకకు బరువైతె కాడి పైకి లేస్తది, ఎడ్లకు గొంతు పట్టుకుంటది. ముంగట బరువైతె మెడలు పుండ్లు పడ్తయ్. బండి కట్టేముందు కాడిని లేపి చూడాలె. లేవాలె, గని అల్కగ లేవొద్దు."

ట్రైలర్ శాస్త్రమంతా ఈ మాటలోనే ఉంది. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు కారు హుక్కు మీద పడాలి. అంతకన్నా తక్కువైతే, అంటే వెనక బరువెక్కితే, కాస్త వేగం పెరగగానే ట్రైలర్ పాములా అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఆ ఊపు ఒకసారి మొదలైతే అదే పెరుగుతుంది, కారును కూడా పక్కకు ఈడుస్తుంది. మరీ ఎక్కువైతే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టవు, స్టీరింగు తేలిపోతుంది.

తయారీదారు షెడ్డులో మేము చేసిన చిన్న పరీక్ష చెబుతాను. ఖాళీ ట్రైలర్ 750 కిలోలు. హుక్కు కింద, ఇంట్లో మనం నిలబడి బరువు చూసుకునే మిషను పెట్టించాను. 90 చూపింది. 20 లీటర్ల వాటర్ క్యాన్లు ఐదు నింపి, వెనక తలుపు దగ్గర, ఇరుసుకు మీటరున్నర వెనక పెట్టించాను. నీళ్లు లీటరుకు కిలో, అంటే 100 కిలోలు. ముల్లు 40కి పడిపోయింది. మొత్తం 850 కిలోల బండికి హుక్కు మీద 40 అంటే నూటికి ఐదు కూడా లేదు. అవే క్యాన్లను ఇరుసుకు జానెడు ముందుకు జరిపితే 97 చూపింది, నూటికి పదకొండు పైనే. క్యాన్లు అవే, బండి అదే, మారింది చోటొక్కటే. అందుకే నీళ్ల టాంకు ఇరుసుకు దగ్గరగా, నేలకు దగ్గరగా ఉన్న ట్రైలర్‌నే చూడండి. టాంకు నిండుగా ఉన్నప్పుడూ ఖాళీ అయినప్పుడూ హుక్కు మీద బరువు పెద్దగా మారకూడదు.

కాగితం మీద రెండు అంకెలు అడగండి. ఒకటి ఖాళీ బరువు, రెండోది అన్నీ ఎక్కించాక దాటకూడని గరిష్ఠ బరువు. ఈ రెంటి మధ్య తేడాయే మీ సంసారానికి దొరికే చోటు. ఆ తేడా 150 కిలోలే అయితే, 100 లీటర్ల నీళ్లు పోయగానే మిగిలేది 50. అందులోనే పరుపులు, గిన్నెలు, బియ్యం, కుర్చీలు, మందుల సంచి సరిపోవాలి. సరిపోవు. మూడో అంకె మీ కారుది. కారు ఎంత బరువు లాగొచ్చో దాని మాన్యువల్‌లో ఉంటే సరే, లేకపోతే కారు కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. "ఎంతైనా లాగుతుంది సార్" అనే మాట లెక్కలోకి రాదు. లాగడం ఒక సంగతి, దిగుడులో ఆపడం ఇంకో సంగతి. ఐరోపాలో గరిష్ఠ బరువు 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. మన రోడ్ల మీద అంతకన్నా తేలికైన దానికి కూడా బ్రేకులుంటేనే నేను కొంటాను. కారు ఆగుతున్నప్పుడు ట్రైలర్ ముందుకు తోసే తోపుతోనే దాని బ్రేకు పడే పద్ధతి ఒకటుంది, ఓవర్‌రన్ బ్రేకు అంటారు. దానికి కరెంటు తీగలు అక్కర్లేదు, మన మెకానిక్‌లకు సులువుగా అర్థమవుతుంది.

బరువు గురించి ఆలోచిస్తూ రామప్ప గుడి ముందు నిలబడితే ఆ గుడే ఇంకోలా కనిపించింది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. పునాది గుంటలో ఇసుక నింపి దాని మీద గుడి నిలిపారు. పైన శిఖరానికి మాత్రం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. బరువు కిందికి, తేలిక పైకి. ట్రైలర్ పైకప్పు మీద ఏసీ డబ్బా, సామాన్ల స్టాండు, స్పేర్ టైరు బిగించి చూపించినప్పుడు నాకు ఆ ఇటుకలే గుర్తొచ్చాయి.

ఏసీ సంగతి ఇక్కడే తేల్చుకుందాం. కరెంటు లేని చోట ఉండాలంటే రోజుకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో రాసుకోవాలి. చిన్న ఫ్రిజ్ అర యూనిటు. తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 30 వాట్లు, పది గంటలు తిరిగితే 0.6 యూనిటు. లైట్లు, ఫోన్లు కలిపి 0.15. రాత్రి శ్వాసకు సీపాప్ మిషను వాడేవారికి ఇంకో 0.3. మొత్తం యూనిటున్నర. 400 వాట్ల సోలార్ పలక మన చలికాలపు ఎండలో, నష్టాలు పోను, రోజుకు ఇంచుమించు అంతే ఇస్తుంది. మబ్బు రోజు కోసం 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ పెట్టుకుంటే రెండున్నర యూనిట్లు నిల్వ ఉంటాయి. లెక్క కుదిరింది. ఇప్పుడు ఒక టన్ను ఏసీ కలపండి. రాత్రి ఎనిమిది గంటలకు ఐదారు యూనిట్లు. బ్యాటరీలు, పలకలు నాలుగైదింతలు కావాలి, వాటి బరువు మళ్లీ ఇరుసు మీదికే. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ప్రాంతం ఇది. ఏసీ లేకుండా ఆ నెలల్లో వృద్ధులు రేకు డబ్బాలో పడుకోకూడదు. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరిగే ఇల్లు కొనండి, వేసవికి సొంతింట్లో ఉండండి. గోడల మధ్య మందమైన ఫోము, తెల్లని పైకప్పు, ఎదురెదురు కిటికీలు, వాటికి దోమతెర. మన వాతావరణానికి ఇవి ముఖ్యం.

ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ యాభై కిలోలు దాటుతుంది. అందులో సగం వరకే వాడుకోవాలి, అంటే 0.9 యూనిటు. దాదాపు పన్నెండు కిలోల లిథియం బ్యాటరీ, 100 ఆంపియర్ అవర్లది, అంతకన్నా కాస్త ఎక్కువే ఇస్తుంది. ధర ఎక్కువే, అయినా ఇక్కడ పొదుపు చేయొద్దు. ఐరన్ ఫాస్ఫేట్ రకమే తీసుకోండి. దాన్ని ఎండ పడే బయటి పెట్టెలో పెట్టనివ్వకండి, 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ దానికి మంచిది కాదు. సోలార్ పలక పైకప్పుకు బిగిస్తే ఇల్లు ఎండలో పెట్టాలి. విడి పలకకు పొడుగు తీగ ఉంటే ఇల్లు చింతచెట్టు నీడలో, పలక ఎండలో.

నీళ్లు, మరుగుదొడ్డి. ఎవరూ గట్టిగా మాట్లాడరు గానీ ఈ వయసులో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. చిన్న ట్రైలర్లలో పెట్టే క్యాసెట్ టాయిలెట్ అడుగున పద్దెనిమిది ఇరవై లీటర్ల పెట్టె ఉంటుంది. ఇద్దరికి మూడు రోజులు వస్తుందని చెబుతారు. అది కాగితం వాడేవాళ్ల లెక్క. మనం నీళ్లతో కడుక్కుంటాం. మనిషికి పూటకు ఒక మగ్గు చొప్పున పోయినా ఆ పెట్టె రెండో రోజుకే నిండుతుంది. అందుకే రెండో పెట్టె అదనంగా కొనాలి, సన్నని ధారతో కడుక్కునే చేతి గొట్టం పెట్టించుకోవాలి. నిండిన పెట్టెను మోసేది మనమే, ఇరవై కిలోలు. చక్రాలున్న పెట్టె తీసుకోండి. ఖాళీ చేయాల్సింది సెప్టిక్ ట్యాంకు ఉన్న దొడ్లోనే. పొలం గట్టున, చెరువు వైపు ఒక్క చుక్క పోకూడదు. కాకతీయుల నాడు కట్టిన ఆ చెరువు కింద ఇవాళ్టికీ ఆయకట్టు పండుతోంది. గిన్నెలు కడిగిన నీళ్లను కూడా డబ్బాలో పట్టి తీసుకుపోవాలి.

ట్రైలర్‌లోకి ఎక్కి చూసేటప్పుడు చెప్పులు విడిచి నిజంగా పడుకోండి. గోడ వైపు పడుకున్నవారు రాత్రి లేవాలంటే రెండోవారిని దాటాలా? మోకాళ్లు నొప్పి ఉన్నవారికి మెట్టు ఎత్తు ఎంత? స్నానపు గదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా? హుక్కు దగ్గర తొంభై కిలోలు ఎత్తేది మన నడుము కాదు, ముందు ఉండే చిన్న చక్రపు జాకీ. అది గట్టిగా ఉందా? గ్యాసుకు ఐదు కిలోల సిలిండర్ చాలు. దాన్ని ఉంచే పెట్టె అడుగున గాలి పోయే కన్నం ఉండాలి, ఎందుకంటే ఆ గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేల మీదే నిలుస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 1988 మోటారు వాహనాల చట్టం 'మోటారు వాహనం' అనే మాటలోనే ట్రైలర్‌ను కలిపింది. దానికి విడిగా రిజిస్ట్రేషన్, బీమా కావాలి. రిజిస్టర్ చేసి ఇవ్వలేని తయారీదారు దగ్గర అడ్వాన్సు ఇవ్వొద్దు. 2019 సవరణ తర్వాత యాభై ఐదు దాటినవారి లైసెన్సు ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, తేదీ చూసుకోండి. ఏటూరునాగారం అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా బండి ఆపి పడుకోకూడదు. రామప్ప గుడి పక్కన ఆపే ఆలోచనే వద్దు. తెలిసిన రైతు చెలక, ఆయన మాట, మన వైపు నుంచి శుభ్రత, ఇవే మనకున్న క్యాంపు గ్రౌండు.

కొనే ముందు ఒక పని చేయండి. మేము చేశాం. మూడు రోజులు ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, నల్లా కట్టేసి, వాటర్ క్యాన్లలో కొలిచిన నీళ్లతో, ఒక బ్యాటరీతో ఉన్నాం. మొదటి రోజు నీళ్లు 61 లీటర్లు, రెండో రోజు 44, మూడో రోజు 38. మా టాంకు ఎంతుండాలో అప్పుడు తేలింది, 120 లీటర్లు, తాగే నీళ్లు విడిగా. ఒక్క మంచం సంగతే తేలలేదు. రాత్రి రెండుసార్లు లేస్తాను కాబట్టి నాకు తలుపు వైపు కావాలి. మా ఆవిడకు కిటికీ వైపే కావాలట, తెల్లవారగానే పడుకున్న చోటి నుంచే చెరువు కనిపించాలని. తలుపు పక్కనే కిటికీ పెట్టగలరా అని తయారీదారును అడిగాం. ఇరుసు జరపకుండా కుదురుతుందో లేదో కొలిచి చెబుతానన్నాడు.