మా ఊళ్లో క్యాన్సర్ ఎక్కువా? దేశ సగటుతో పోల్చే ముందు

2025 మార్చిలో తూర్పుగోదావరి జిల్లా బిక్కవోలు మండలంలోని బలభద్రపురం పేరు రాష్ట్రమంతా వినబడింది. ఊళ్లో క్యాన్సర్ రోగులు విపరీతంగా పెరిగారని అక్కడి ఎమ్మెల్యే శాసనసభలో ప్రస్తావించారు. వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు చేశాయి. ఇలాంటి భయం పుట్టిన ప్రతి ఊళ్లోనూ చివరికి ఒకే ప్రశ్న మిగులుతుంది: ఇక్కడి లెక్క దేశ సగటు కన్నా ఎక్కువా, కాదా? ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే జవాబు చెప్పాలంటే ముందు కొన్ని లెక్కలు విడదీసి చూడాలి. అలా చూడకపోతే ఊరికి లేని భయమైనా అంటుకుంటుంది, ఉన్న ముప్పయినా కనబడకుండా పోతుంది.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022కి వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో ఆ ఏడాది కొత్తగా క్యాన్సర్ బయటపడినవారు సుమారు 14 లక్షల 13 వేల మంది. ఆ జబ్బుతో చనిపోయినవారు సుమారు 9 లక్షల 17 వేల మంది. అంతకుముందు ఐదేళ్లలో క్యాన్సర్ తేలి, ఇంకా బతికున్నవారు 32 లక్షల పైచిలుకు. ఈ మూడు అంకెలనూ పదివేల జనాభా ఉన్న ఊరికి కుదించి చూద్దాం. దేశ సగటే ఆ ఊరికీ వర్తిస్తే ఏడాదికి కొత్త కేసులు 10, మరణాలు ఆరేడు, ఐదేళ్లలో జబ్బు తేలి ఊళ్లో బతికున్నవారు 23 మంది.

ఇల్లిల్లూ తిరిగే సర్వేకి దొరికేది మూడో అంకె. దాన్ని తీసుకెళ్లి ఏడాదికి పది అనే మొదటి అంకె పక్కన పెడితే, ఏ మామూలు ఊరైనా దేశం కన్నా రెండింతలు రోగులున్న ఊరిలా కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సరో, క్లోమగ్రంథి క్యాన్సరో వచ్చి నెలల్లోనే పోయినవాళ్లు సర్వేకి దొరకరు. తలుపు తీసి జవాబు చెప్పేది బతికున్నవాళ్లే. కాబట్టి అలాంటి సర్వే చూసి మరణాల గురించి ఎటూ చెప్పలేం.

మరణాల రేటు దగ్గరికే వస్తే, చిన్న ఊరికి యాదృచ్ఛికత పెద్ద చిక్కు. సగటున ఏటా ఆరేడు మరణాలు జరిగే చోట ఒక ఏడాది మూడు, మరుసటి ఏడాది పది జరగడం వింతేమీ కాదు. కారణమేదీ మారకపోయినా అంకె అలా ఊగుతుంది. పది మరణాల ఏడాది వార్తవుతుంది, మూడు మరణాల ఏడాదిని ఎవరూ పట్టించుకోరు. అందుకే ఒక్క ఊరి ఒక్క ఏడాది లెక్కను దేశ సగటు పక్కన పెట్టడంలో అర్థం లేదు. కనీసం ఐదేళ్ల మరణాలు కలపాలి. వీలైతే చుట్టుపక్కల ఊళ్లనూ కలిపి మండలంగా చూడాలి.

తర్వాత వయసు. క్యాన్సర్ ఎక్కువగా నడివయసు దాటాక వచ్చే జబ్బు. 2021 అంచనాల ప్రకారం అరవై దాటినవారు దేశ జనాభాలో సుమారు 10 శాతం ఉంటే, కేరళలో 16 శాతం పైన, ఆంధ్రప్రదేశ్‌లో 12 శాతం పైన, బిహార్‌లో 8 శాతం లోపు. ఇది ఎంత తేడా తెస్తుందో ఊహా లెక్కతో చూద్దాం. లక్ష జనాభా ఉన్న రెండు ప్రాంతాలున్నాయి. రెండింటిలోనూ అరవై లోపువారిలో లక్షకు 30 మంది, అరవై దాటినవారిలో లక్షకు 350 మంది ఏటా క్యాన్సర్‌తో చనిపోతారనుకోండి. అంటే ఏ వయసువారికైనా రెండు చోట్లా ముప్పు సమానమే. మొదటి చోట వృద్ధులు 8 శాతం, రెండో చోట 16 శాతం. గుణించి కూడితే మొదటి చోట మరణాలు 56, రెండో చోట 81 తేలతాయి. రెండో ప్రాంతంలో గాలీ నీరూ తిండీ ఏవీ చెడ్డవి కాకపోయినా రేటు దాదాపు ఒకటిన్నర రెట్లయింది.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పిల్లలంతా హైదరాబాదుకో బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోగా పెద్దవాళ్లే మిగిలిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఊరి రేటును సర్దుబాటు చేయకుండా దేశ సగటుతో పోలిస్తే ఎక్కువ రాక మానదు. అందుకే నిపుణులు అన్ని ప్రాంతాల్లోనూ ఒకే వయసు పొందిక ఉంటే రేటు ఎంతయ్యేదో లెక్కగట్టి, ఆ సర్దిన రేట్లనే పోలుస్తారు. దీనికి ఒక ప్రామాణిక జనాభా కావాలి. క్యాన్సర్ రోగుల వివరాలు నమోదు చేసే మన రిజిస్ట్రీలు ప్రపంచ ప్రామాణిక జనాభాను వాడతాయి, అమెరికా తన 2000 సంవత్సరపు జనాభాను వాడుతుంది. అమెరికా తన పద్ధతిలో చెప్పుకునే మరణాల రేటు లక్షకు 145 దరిదాపుల్లో ఉంటుంది. అదే దేశాన్ని ప్రపంచ ప్రామాణికంతో కొలిస్తే 80 దరిదాపులకు వస్తుంది. రెండూ నిజమే, కొలత వేరు. అక్కడి 145ను, ప్రపంచ ప్రామాణికంతో లెక్కగట్టిన మన మరణాల రేటు 64 పక్కన పెట్టి మనం రెండింతలు నయమనుకుంటే పెద్ద పొరపాటు.

పోలికకు పనికొచ్చేలా అంకెలను ఎలా అందించవచ్చో చూడాలంటే ఆ దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి స్టేట్ క్యాన్సర్ ప్రొఫైల్స్ పేరుతో ప్రతి కౌంటీ లెక్కనూ ప్రజల ముందు ఉంచుతాయి. అక్కడి కౌంటీ మన జిల్లా లాంటిది. ఐదేళ్ల సగటు, వయసు సర్దిన రేటు, ఆ రేటు ఎంత అటూ ఇటూ ఉండవచ్చో తెలిపే హద్దులు, రేటు పెరుగుతోందా తగ్గుతోందా నిలకడగా ఉందా అనే ధోరణి, అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఏదైనా కౌంటీలో కేసులు 16 కంటే తక్కువుంటే అసలు అంకెనే చూపరు. యాదృచ్ఛికతకు భయపడే ఆ జాగ్రత్త. వ్యక్తుల గోప్యత మరో కారణం.

అక్కడి కెంటకీ రాష్ట్రాన్ని చూడండి. దేశంలోకెల్లా క్యాన్సర్ మరణాల రేటు ఎక్కువున్న రాష్ట్రంగా ఎన్నో ఏళ్లుగా దానికి పేరు. పొగాకు పండించే నేల, పొగతాగే అలవాటు ఎక్కువ, తూర్పున కొండల్లో పేద బొగ్గుగని కౌంటీలు. అమెరికా మొత్తం మీద క్యాన్సర్ మరణాల రేటు 1991లో లక్షకు 215 ఉండి, 2022 నాటికి మూడోవంతు తగ్గింది. కెంటకీలో కూడా తగ్గుతోంది. అయినా ఇప్పటికీ దేశ సగటు కన్నా పైనే ఉంది. రేటు ఒక్కటే చూస్తే కెంటకీ ఓడిపోయిందనిపిస్తుంది. ధోరణి ఒక్కటే చూస్తే గెలిచిందనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే అసలు స్థితి తెలుస్తుంది: మెరుగవుతోంది, కానీ మొదలుపెట్టిందే చాలా వెనక నుంచి.

ఆ రాష్ట్రం అక్కడితో ఆగలేదు. మొత్తం రేటును విడదీసి ఏ అవయవపు క్యాన్సర్ దేశంతో పోలిస్తే ఎక్కువగా చంపుతోందో చూసింది. పెద్దపేగు క్యాన్సర్ అందులో ఒకటి. 1999లో ఆ క్యాన్సర్‌ను ముందే పట్టే పరీక్ష చేయించుకోవాల్సిన వయసువారిలో మూడోవంతు మందే చేయించుకునేవారు. పదేళ్లలో దాన్ని మూడింట రెండు వంతుల దగ్గరికి తెచ్చారు. ఆ క్యాన్సర్ కొత్త కేసులూ, మరణాలూ రెండూ తగ్గాయి. దేశ సగటుతో పోలిక పనికొచ్చేది ఇలాంటి పనికే. క్యాన్సర్ అనేది ఒకే జబ్బు కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఒక కారణం, నోటి క్యాన్సర్‌కు మరొకటి, ఊపిరితిత్తులకు వేరొకటి. ఏదైనా ఊళ్లో మొత్తం రేటు సగటుకు సరిపోయినా, ఒక్క రకం మాత్రం అసాధారణంగా ఎక్కువుంటే అది తవ్వి చూడాల్సిన విషయమే. ‘దేశ సగటుకు దగ్గరగానే ఉంది’ అనే ఒక్క మాటతో ఊరివాళ్ల నోరు మూయించడం నాకు అందుకే నచ్చదు.

కాలం సంగతీ మరవకూడదు. పొగాకు వల్ల వచ్చే క్యాన్సర్‌కు చాలాసార్లు ఇరవై, ముప్ఫై ఏళ్లు పడుతుంది. ఇవాళ్టి మరణాల రేటు ఎన్నో ఏళ్ల కిందటి జీవితానికి అద్దం. ఈ ఏడాది నీళ్లు పరీక్షించి బాగున్నాయన్నా, బాగాలేవన్నా ఈ ఏడాది మరణాలకు అది నేరుగా జవాబు కాదు.

ఇక మన దగ్గర అంకెల సంగతి. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1981 చివర్లో మొదలుపెట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది దేశ జనాభాలో కొద్ది భాగాన్నే లెక్కిస్తోంది. 2020లో వచ్చిన నివేదికలో మగవారిలో కొత్త కేసుల రేటు మిజోరంలోని ఐజ్వాల్ జిల్లాలో లక్షకు 269, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ ప్రాంతంలో 40 లోపు. ఏడు రెట్ల తేడా. మిజోరంలో పొగాకు వాడకం చాలా ఎక్కువ, ముప్పు నిజంగానే ఎక్కువ. కానీ ఆ తేడా అంతా ముప్పులోనే ఉందని నేను అనుకోను. చిన్న జనాభా, పెద్దాసుపత్రి దగ్గర ఉండే చోట దాదాపు ప్రతి రోగీ లెక్కకెక్కుతాడు. రోగ నిర్ధారణే జరగక కొందరు కన్నుమూసే చోట లెక్క తక్కువ వస్తుంది. హైదరాబాద్ జిల్లా విషయంలోనూ ఇదే ఆలోచించాలి. 2015 నుంచి 2019 వరకు 43 రిజిస్ట్రీల లెక్కల్లో రొమ్ము క్యాన్సర్ కొత్త కేసుల రేటు అన్నిటికన్నా ఎక్కువ అక్కడే, లక్ష మంది మహిళలకు 54. ఆలస్యంగా పెళ్లి, తక్కువ కాన్పులు, మారిన తిండి, ఊబకాయం, వీటన్నిటికీ పాత్ర ఉంది. పరీక్షలు అందుబాటులో ఉండడానికీ పాత్ర ఉంది. ఆ అంకె చూసి పక్క జిల్లాలవారు తమకు ముప్పు లేదనుకోవడానికి ఆధారం లేదు.

తక్కువ లెక్క అంటే తక్కువ ముప్పు కాదనడానికి గట్టి సాక్ష్యం ఒక మరణాల అధ్యయనంలో దొరికింది. 2001 నుంచి 2003 వరకు జరిగిన మరణాలపై పది లక్షలకు పైగా ఇళ్లలో ఆరా తీసి, చనిపోయినవారి కుటుంబాలను లక్షణాలు అడిగి, వైద్యులతో కారణం తేల్చారు. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం పల్లెల్లో, పట్టణాల్లో క్యాన్సర్ మరణాల రేటు దాదాపు సమానం. రిజిస్ట్రీల్లో మాత్రం పల్లెల కొత్త కేసుల రేటు నగరాల్లో దానికి సగం దరిదాపుల్లో కనబడేది. జబ్బు సగమే అయితే చావులు సమానంగా ఎందుకుంటాయి? పల్లెల్లో కొందరికి జబ్బు తేలనే లేదు, తేలినవారికి ఆలస్యంగా తేలింది. అంతేకాదు, చదువు లేనివారిలో మరణాల రేటు చదువుకున్నవారి కన్నా ఎక్కువ.

అందుకే మన జిల్లాల విషయంలో తక్కువ అంకె కూడా ఎక్కువ అంకెంత అనుమానం కలిగించాలి. మరణానికి కారణం వైద్యుడి ధ్రువీకరణతో నమోదైనవి 2020లో దేశం మొత్తం మీద నమోదైన మరణాల్లో 22 శాతం చిల్లర మాత్రమే. ‘ఇక ఇంటికి తీసుకెళ్లండి’ అన్నాక ఇంట్లో పోయినవారి కారణం పంచాయతీ రికార్డులో చాలాసార్లు ఉండదు. ఆసుపత్రిలో పోయినా, కారణం అన్న చోట ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాసి వదిలేయడం మామూలు. గుండె, ఊపిరి ఆగడం ప్రతి చావులోనూ ఉంటుంది. దాని వెనకున్న జబ్బు పేరు రాయకపోతే ఆ మరణం క్యాన్సర్ లెక్కలోకి రాదు. శ్రీకాకుళం మనిషి విశాఖలో చనిపోతే, నివాసం సరిగా రాయకపోతే సొంత జిల్లా లెక్క తగ్గుతుంది, విశాఖ లెక్క పెరుగుతుంది.

కొన్ని మార్పులు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 2025లో క్యాన్సర్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. ప్రతి ఆసుపత్రీ నిజంగా తెలియజేస్తే మొదటి కొన్నేళ్లు జిల్లాల అంకెలు పెరుగుతాయి. అది జబ్బు పెరుగుదల కాదని, లెక్క బాగుపడటమని పత్రికలు అప్పుడు వివరించాల్సి ఉంటుంది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆసుపత్రులు మరణ కారణ ధ్రువపత్రాన్ని రిజిస్ట్రార్‌కు పంపి, ఒక ప్రతిని దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఆ కాగితం చేతికొచ్చినప్పుడు అందులో జబ్బు పేరుందా, సొంత ఊరి చిరునామా ఉందా అని ఒకసారి చూసి, లేకపోతే అక్కడికక్కడే డాక్టరుగారిని అడిగి రాయించుకోండి.