ఇంటి వస్త్రములు – జాతీయ చిత్రకళ

17, 18 శతాబ్దులలో మచిలీపట్టణపు రేవునుండి ఓడలకెక్కిన కలంకారీ దుప్పట్లు ఐరోపా ధనికుల మంచములపై పరువబడెను. ఆ పోటీకి తాళలేక ఆంగ్లేయులు 1700లో అద్దకపు బట్టల దిగుమతిని శాసనముచే నిషేధించిరి. నేడో, మన పెక్కు యిండ్ల పరదాలపై పరదేశపు గులాబీలే! లేపాక్షి స్తంభముల లతలు, అమరావతి శిలల పద్మములు మన తలగడలకు తగవా? త్రివర్ణ పతాకమును మాత్రము తలగడలపై ముద్రించుట చట్టవిరుద్ధము, ఉత్సాహవంతులు గమనింతురుగాక.

పెడన పనివారు బట్టను కరక్కాయ కషాయమున తడిపి, బెల్లమును ఇనుపముక్కలను ఊరవేసి తీసిన నల్లరంగును చెక్క అచ్చులతో అద్ది, పారునీట జాడించి ఆరవేయుదురు. దీనికి దినములు పట్టును. యంత్రపు నకలు గడియలో సిద్ధమై, అదే పేరున చౌకగా అమ్ముడగుచున్నది. అచ్చుకును అచ్చుకును నడుమ వెండ్రుకవాసి తేడా కనబడు బట్టనే అడిగి కొనుడని చదువరులను కోరుచున్నాము.