మూడడుగుల ఎత్తున బడి

జూన్ దగ్గరపడుతోందంటే నరసరావుపేటలో ప్లే స్కూళ్లకు కొత్త రంగులు పడతాయి. గేటు మీద మిక్కీ మౌస్, ముంగిట్లో ప్లాస్టిక్ జారుడుబల్ల, ఆఫీసు గదిలో ఏసీ. మూడేళ్ల పిల్లను చంకనేసుకుని తల్లి, వెనకే తండ్రి వస్తారు. పది నిమిషాలు కూర్చుంటారు, ఫీజు అడుగుతారు, వెళుతూ మరోసారి చుట్టూ చూస్తారు. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. బిడ్డ రోజంతా గడపబోయే గదిలో కాసేపైనా కూర్చుని చూసేవాళ్లు తక్కువ.

అమెరికాలోనూ ఇదే తంతు. శిశు సంరక్షణ కేంద్రాల మీద నాసీ మోకాన్ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ముందు గది శుభ్రంగా ఉంటే లోపల అంతా బాగుంటుందని తల్లిదండ్రులు అనుకుంటున్నారు, ఆ లెక్క తప్పుతోంది. అందుకు వాళ్లను తప్పుపట్టలేం. కనబడేదాన్ని బట్టే కదా ఎవరైనా కనబడనిదాన్ని ఊహించేది.

మన పల్నాడులో మొదట చూడాల్సింది ఎండ. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు రాని ఏడాది ఉండదు. 45 డిగ్రీలు దాటడం అక్కడ వింతేమీ కాదు. జూన్‌లో బడులు తెరిచేనాటికీ ఆ సెగ పూర్తిగా పోదు. బరువుతో పోల్చి చూస్తే పసివాళ్ల ఒంటికి చర్మం వైశాల్యం పెద్దలకన్నా ఎక్కువ. అందుకే బయటి గాలి ఒంటికన్నా వేడెక్కితే ఆ వేడి వాళ్లలోకి త్వరగా చేరుతుంది. పైగా వాళ్లకు చెమట తక్కువ, ఆటలో పడితే దాహం గుర్తురాదు. సిమెంటు రేకులైనా, శ్లాబైనా, ఎండకు కాగిన కప్పు తిన్నగా తల మీదికి సెగ చిమ్ముతూనే ఉంటుంది. ఫ్యాను తిరిగినా ఆ సెగ ఆగదు.

దీనికి మందు మన జిల్లాలోనే ఉంది. పిడుగురాళ్ల సున్నం! కప్పు పైన చిక్కగా రెండు పూతలు వేస్తే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది, గది కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. కానీ ఆ పూత ఆకాశానికి కనబడుతుంది, గేటు దగ్గర నిలబడ్డ తండ్రికి కనబడదు. డబ్బంతా గోడ బొమ్మలకే పోతుంది.

ఆ బొమ్మల సంగతీ చూద్దాం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు బొమ్మలు కిక్కిరిసిన గదిలో, కొన్ని బోసిగోడల గదిలో చెప్పించారు. 2014లో వెలువడిన ఫలితం ఇది: బోసిగోడల గదిలో 55 శాతం జవాబులు సరిగా వస్తే, బొమ్మల గదిలో 42 శాతమే వచ్చాయి. చూపు దేని మీద నిలపాలో, దేన్ని వదిలేయాలో తేల్చుకునే శక్తి ఆ వయసుకు ఇంకా పండదు. గోడలన్నీ బోడిగా ఉంచనక్కర్లేదు. టీచరమ్మ నిలబడే వైపు గోడ ఖాళీగా ఉంచితే చాలు.

చప్పుడు గురించి మాత్రం ఎవరూ అడగరు. నాపరాళ్ల నేల, సిమెంటు గోడలు, పైన శ్లాబు, అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. ముప్పైమంది పిల్లలున్న గదిలో ఒక మాట మీద మరో మాట పడి గింగురుమంటుంది. సగం వినబడిన మాటను పెద్దవాళ్లం సందర్భాన్ని బట్టి పూరించుకుంటాం. పసివాళ్ల దగ్గర అన్ని మాటలే ఉండవు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయితే ఆ పూరింపు మరీ కష్టం. న్యూయార్క్‌లో ఒక బడి పక్కనే వంతెన మీద రైలు పోయేది. ఆ వైపు గదుల్లో చదివే పిల్లలు అవతలి వైపు వాళ్లకన్నా చదవడంలో వెనకబడ్డారని 1975లో తేలింది. పట్టాల కింద రబ్బరు వేసి, గదుల్లో శబ్దాన్ని పీల్చే పలకలు అమర్చాక ఆ తేడా పోయింది. మనకు అంత ఖర్చు అక్కర్లేదు. నేల మీద మందపాటి జంపఖానాలు, కిటికీలకు గుడ్డ తెరలు ఉన్నా గోల కొంత అణుగుతుంది.

ఇదంతా ప్లే స్కూళ్ల సంగతి. ఇక అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకంతోనే వచ్చాయి. వాటిని చాలామంది గేటు చూసే తీసిపారేస్తారు. ఇరుకు అద్దె గదిలో వంట, పాట, నిద్ర అన్నీ ఒకేచోట సాగే కేంద్రాలున్న మాట నిజమే. అయితే ముందు వేపచెట్టు, కాస్త జాగా ఉన్న కేంద్రంలో మేడ మీది ప్లే స్కూల్లో దొరకనిది ఒకటుంది, బయటి వెలుతురు. చెట్టు నీడలో కూడా అది గది వెలుతురుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రోజూ ఆరుబయట గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తక్కువ. ఇక మిరపకాయ కోతలకు పొద్దున్నే ఆటో ఎక్కే తల్లికి ఎంచుకునే వీలెక్కడిది? ఏది దగ్గరైతే అదే బడి. ఆ గది కప్పుకు సున్నం వేయించే బాధ్యత పంచాయతీ తీసుకోవాలని గట్టిగా అడగాల్సింది మనమే.

నీళ్ల సంగతి ఒక్క మాట. ఫ్లోరైడ్ బోర్లు పల్నాడుకు కొత్త కాదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. శాశ్వత దంతాల పింగాణీ ఈ బడి వయసులోనూ చిగుళ్ల లోపల తయారవుతూనే ఉంటుంది. అప్పుడు ఫ్లోరైడ్ వల్ల పడిన మచ్చ తర్వాత ఎంత తోమినా పోదు.

ఒంటిపూట బడులు మొదలయ్యాక, పదకొండు దాటిన తర్వాత వెళ్లండి. గదిలో, పిల్ల కూర్చునే చాప మీదే కూర్చోండి. తల మీదికి సెగ దిగుతోందా? వెనక వరసకు టీచరమ్మ మాట అందుతోందా? తాగే నీళ్లు ఏ బోరువో ఆయమ్మను అడగండి. ఫీజు మాట ఆ తర్వాత.