సుగ్గికెళ్లిన పుస్తకాల సంచి

దీపావళి దాటిందంటే కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో లారీలు వచ్చి ఆగుతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద... ఏ మండలం చూసినా అదే దృశ్యం. బియ్యం మూటలు, సత్తు గిన్నెలు, పరదా పట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు ముందు ఎక్కుతాయి. ఆ మూటల మీద పిల్లలు ఎక్కుతారు. నిన్నటిదాకా బడి ప్రార్థనలో నిలబడ్డ పిల్లలే వాళ్లు. కొందరి ఒంటి మీద యూనిఫాం చొక్కా అలాగే ఉంటుంది. ఇంట్లో ఉన్నవాటిలో చిరగనిది అదొక్కటే మరి.

అక్కడి జనం దీన్ని ‘సుగ్గి’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, సంబరాల కాలం. సరిహద్దు దాటి ఇటు వచ్చేసరికి ఆ మాటకు ఊరు విడిచి కూలికి పోవడం అనే అర్థం స్థిరపడింది. తుంగభద్ర పక్కనే పారుతున్నా ఇక్కడి చాలా చేలకు వానే దిక్కు. పత్తి, వేరుశనగ ఇంటికి చేరాక చేతికి పనుండదు. సరిగ్గా అప్పుడే గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు మిరప కోతలకు మనుషులు కావాలి. పోయినవాళ్లు మళ్లీ ఊరు చూసేది ఉగాదికే.

‘పిల్లోన్ని వదిలిపెట్టి పోండమ్మా’ అని పంతులుగారు అడిగితే ఆ తల్లి తిరిగి అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఎవురి కాడ ఇడ్సిపోవల్ల సార్? అవ్వకు కండ్లు కనపడవు. వానికి కూడెవురు పెడ్తారు?’

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా చదువు విలువ గురించి ఆమెకు ఉపన్యాసమిచ్చే హక్కు మనలో ఎవరికీ లేదు.

హాజరు పట్టీలో మాత్రం ఆ పిల్లాడి పేరు చెక్కుచెదరకుండా ఉంటుంది. చేరికల లెక్కలో వాడు బడి పిల్లాడే. నవంబరు నుంచి మార్చి దాకా పేరు పక్కన ఆబ్సెంటు గుర్తులు వరుసగా పడతాయి. ఏప్రిల్‌లో వచ్చి పరీక్ష రాస్తాడు, జూన్‌లో పై తరగతిలో కూర్చుంటాడు. ఎక్కడా బడి మానేసినవాడిగా నమోదు కాడు.

ఆ నాలుగైదు నెలల్లో ఏం పోయిందో తెలియాలంటే వాడి చేత ఒక పేజీ చదివించాలి. గుణింతాలు నేర్చాడు. ఒత్తులు మొదలయ్యే వేళకు లారీ ఎక్కాడు. తిరిగొచ్చాక ‘అక్క’ను ‘అక’ అంటాడు, ‘పుస్తకం’ను ‘పుసకం’ అంటాడు. అయిదేళ్లు గడిచి సైన్సు పాఠంలో ‘కిరణజన్య సంయోగక్రియ’ ఎదురైతే ఆ పిల్లాడి ముందు ఒక గోడ లేస్తుంది. దాని పునాది మాత్రం రెండో తరగతిలో పోయిన ఆ కొన్ని వారాల్లో ఉంది. లెక్కల్లోనూ అంతే. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకునే తీసివేత రాకపోతే భాగహారం రాదు. భాగహారం రాని పిల్లాడికి భిన్నాలు ఎవరూ చెప్పలేరు. పక్కవాడు నవ్వుతాడు. వీడు వెనక వరుసకు జరుగుతాడు. మరుసటి ఏడాది అమ్మానాన్న పిలవకముందే లారీ ఎక్కేస్తాడు. ‘చదువు మీద శ్రద్ధ లేదు’ అని మనం ముద్ర వేసేది అప్పుడు. బడి మానడం ఒక్క రోజులో జరిగే పని కాదు, రోజుకింత చొప్పున జరుగుతుంది.

ఆడపిల్ల కథ ఇంకా కష్టం. పదేళ్ల పిల్ల చేలో కాయలు కోయకపోయినా, గట్టు మీద చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల ఊపుతూ తమ్ముణ్ని చూసుకోవాలి. పరదా గుడిసె ముందు మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండాలి. దాన్ని పని అని ఎవరూ అనరు, కూలీ లెక్కలోకీ రాదు. సుగ్గి లేని ఊళ్లలోనూ నెలసరి రోజుల్లో బడి మరుగుదొడ్డిలో నీళ్లు లేక ఇంట్లో ఉండిపోయే పిల్లలున్నారు. ఒక బకెట్ నీళ్లు చాలు, నెలకు మూడు రోజులు మిగులుతాయి.

ఇదంతా ఎక్కడో వలస పల్లెల సంగతి అనుకోకండి. పట్నాల్లో స్కూటర్ మీద దింపే మన పిల్లల సంగతి చూద్దాం. మేనత్త కూతురి పెళ్లి, అమ్మమ్మ ఊరి జాతర, పండగ సెలవులకు అటో రోజు ఇటో రోజు... నెలకు రెండు రోజులు ఇట్టే పోతాయి. బడి ఏడాది పది నెలలు అనుకుంటే అది ఇరవై రోజులు. పది తరగతులకు రెండు వందలు. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి నిర్ణయించిన కనీస పనిదినాలు కూడా సరిగ్గా 200. అంటే ఒక పూర్తి తరగతి పోయినట్టే.

మరో అంకె 75 శాతం హాజరు. పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాలో ప్రభుత్వం డబ్బు వేసే పథకాల్లో, 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడికి ఆ హాజరే షరతుగా ఉండేది, 2025లో వచ్చిన తల్లికి వందనానికీ అదే షరతు. షరతు ఉండటం మంచిదే, దానివల్ల పిల్లలు కదిలారు కూడా. అయితే చాలా ఇళ్లలో అది పాసు మార్కు అయిపోయింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చట్టం చెప్పిన పనిదినాలు 220. అందులో 25 శాతమంటే 55 రోజులు. ఏటా అన్ని రోజులు మానినా డబ్బు పడుతుంది. ఆ లెక్కన పదేళ్లలో జారిపోయే చదువు మాత్రం రెండున్నరేళ్లు.

ఆ తల్లి ప్రశ్నకు జవాబు లేకపోలేదు. దాన్ని సీజనల్ హాస్టల్ అంటారు. సమగ్ర శిక్ష కింద, తల్లిదండ్రులు సుగ్గికి పోయిన కాలమంతా పిల్లలకు వాళ్ల ఊళ్లోనే తిండి, పడక ఏర్పాటు చేస్తారు. పగలు బడి, రాత్రి అక్కడే నిద్ర. ‘కూడెవురు పెడ్తారు’ అన్న మాటకు ఇంతకంటే సూటి జవాబు లేదు. కానీ అది లారీ కంటే ముందు రావాలి. డిసెంబరులో తాళం తీసే హాస్టల్, నవంబరులో వెళ్లిపోయిన పిల్లాడికి అక్కరకు రాదు. దసరా సెలవుల్లోనే ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుని, దీపావళికి పొయ్యి వెలిగించాలి.

అసాధ్యమేమీ కాదు. 1991లో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ ఇంతకంటే కష్టమైన పని తలకెత్తుకున్నారు. జీతానికి కుదిరిన పిల్లల్ని పనిలోంచి తప్పించి, శిబిరాల్లో ఉంచి వెనకబడిన చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ల సూత్రం. మొదట్లో అతిగా తోచిన ఆ మాట ఎంత నిజమో గట్టు మీద ఉయ్యాల ఊపుతున్న పిల్లను చూస్తే అర్థమవుతుంది. ఆ కృషికే 2003లో శాంతా సిన్హాకు మెగసెసె పురస్కారం వచ్చింది. బడిలో చేర్చి వదిలేయకుండా, రాని పిల్లాడి ఇంటికి ఊరివాళ్లే వెళ్లి అడిగేలా చేయడం వాళ్ల పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. ‘నిన్న రాలేదేం?’ అని ఒక మనిషి గుమ్మంలో నిలబడి అడిగితే, ఆ పిల్లాడు లెక్కలో ఉన్నాడని ఆ ఇంటికి తెలుస్తుంది. ఫోన్‌కు వచ్చే మెసేజ్ ఆ పని చేయలేదు.

మిరప రైతులకు ఒక మనవి. ఈ సీజన్‌లో మీ చేనికి వచ్చే ముఠాలో బడి ఈడు పిల్లలుంటే, వాళ్లను మీ ఊరి బడికి పంపండి. వలస కుటుంబాల పిల్లల్ని చేర్చుకునేలా చూడటం స్థానిక సంస్థల బాధ్యత అని విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్‌లో ఉంది. టీసీ లేదని ఆపే వీల్లేదు. హెడ్మాస్టరు గారితో ఒక్క మాట మీరే చెప్పండి. మీ మాట అయితే చెల్లుతుంది.