బడిలో గోండుల చరిత్ర

ఆదిలాబాదు సీమలోని గోండు వీరుడు కొమరం భీము పేరు నేడొక జిల్లాకే పేరైనది. ఆయన వర్ధంతినాడు బడులలో పటమునకు పూలమాల వేయుట పరిపాటి. అంతటితో పిల్లలకు చరిత్ర నేర్పినట్లగునా?

అమెరికాలో 1926లో కార్టర్ వుడ్సన్ నల్లవారి చరిత్రకై ఒక వారమును నెలకొల్పెను. 1976లో అది మాసోత్సవమైనది. ఏడాది పొడవునను చదివిన దానిని ఆ వారమున ప్రదర్శింపవలెనని ఆయన తలంపు. మనకును అదియే మార్గమని మేము భావించుచున్నాము.

భీము 1940లో జోడేఘాటులో నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెనని చెప్పుట సులువు. ఎందుకు ఎదిరించెనో చెప్పుట ముఖ్యము. గోండులు దున్నుకొను భూములను సర్కారు రిజర్వు అడవిలో కలిపినది. ఉపాధ్యాయుడు నేలపై ముగ్గుతో ఊరిని, చేలను, అడవి హద్దును గీచి, ఆ హద్దును ఊరివైపు జరిపినచో మూడవ తరగతి బాలునికైనను అన్యాయము బోధపడును.

ఏ భాషలో చెప్పవలెను? మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ ప్రోద్బలమున 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనది. గోండి వాచకములు వెలువడినవి. ఇంటి మాట బడిలో వినబడిననాడు పిల్లవాడు నోరు విప్పును. గుంజాల గ్రామమున వ్రాతప్రతులలో లభించిన గోండి లిపి 2018లో యూనికోడులో చేరినది. ఆ అక్షరములతో పిల్లలచే తమ పేర్లు వ్రాయింపవచ్చును. కిక్రి వాయించుచు గోండుల వంశగాథలు పాడు ప్రధానులను బడికి ఆహ్వానింపవచ్చును.

కరీంనగరు పిల్లలకును ఈ పాఠము అవసరమే. పొరుగువాని గతము తెలియనివానికి తన సీమ చరిత్ర సగమే తెలిసినట్లు.